సీసాలో కాలు

“మూడు కాళ్లమ్మాయ్, మూడు! ఒక్క సీసాలో!”

దుకాణం పిన్ని సీసాని బల్లమీద టక్కున పెట్టింది. ఇల్లాలు కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. పసుపు, నారింజ, గోధుమ రంగుల్లో ఆవగింజ కన్నా కాస్త పెద్ద పుప్పొడి పలుకులు. వాటి మధ్య, గాజుకి అతుక్కుని, వెంట్రుక మందాన మూడు నల్లటి కాళ్లు. చూసి, పక్కకి తిరిగి మొగుడి వైపు చూసింది. ఆయన జల్లెడ దులుపుతూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

“తేనెటీగల పుప్పొడిలో తేనెటీగ కాలు రాక ఏనుగు కాలు వస్తుందా పిన్నీ?”

“నువ్వూరుకో నాయనా. పొద్దున్నే చెంచాడు నోట్లో వేసుకుంటే బలం, రక్తం పడుతుందని ఊదరగొట్టి అమ్ముతున్నది నేను. కొన్నావిడ నా మొహాన ఉమ్మలేదంతే! ఇంకోసారి ఇలా జరిగిందో, మీ అర ఖాళీ చేసి సబ్బులు పెట్టుకుంటాను.”

ఆ అరే వాళ్లకి బతుకు. ఆయన మొదలుపెట్టిన మూడు వ్యాపారాలూ మూడు రకాలుగా మునిగాక, ఆర్నెల్లుగా పొయ్యి వెలుగుతున్నది ఈ సీసాల మీదే. వాటిని తీసుకునేది ఆ ఒక్క దుకాణమే.

పిన్ని మెట్లు దిగేదాకా ఇల్లాలు ఓపిక పట్టింది.

“ఏమండీ, ఆ చేతికి ఓ లెక్కాపత్రం ఉండదా? మూడేమిటి, మూడు?”

“చెయ్యి జారిందే.”

“కూర జారదు, కంచం జారదు, పని దగ్గరే జారుతుంది మీ చెయ్యి! రేపట్నుంచి బల్ల దగ్గర నేను కూర్చుంటాను. మీరు మూతలు బిగించండి, చాలు.”

అన్నంత పనీ చేసింది. మూడు రంగులూ సమంగా కలిసేలా పలుకుల్ని తెల్లటి పళ్లెంలో పరిచి, పైన భూతద్దం పట్టుకుని, సీసా తర్వాత సీసా నింపింది. మెడ పట్టేసింది. కళ్లు మండాయి. కూర రెండుసార్లు మాడింది. నాలుగో రోజుకి నలభై సీసాలు నలుసన్నది లేకుండా తయారయ్యాయి. వాటిని చూసుకుని తనకి తనే మురిసిపోయింది.

వారం తిరక్కుండా పిన్ని మళ్లీ వచ్చింది. ఈసారి సంచీతో.

“ఇప్పుడేం వచ్చాయి పిన్నీ? కొమ్ములా?” అంది ఇల్లాలు.

“ఏమీ రాకపోవడమే వచ్చింది. మా దుకాణానికి ఓ మేష్టారు వస్తాడులే, రిటైరైనా బెత్తం దించడు. సీసా ఎత్తి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి, ‘ఇదివరకు కాలో రెక్కో కనబడేది, నమ్మకంగా ఉండేది. ఇంత శుభ్రంగా ఉందంటే ఇది మిషన్లో చేసిన సరుకు’ అని పదిమంది ముందూ అనేశాడు. ఒకర్ని చూసి ఒకరు, పదకొండు సీసాలు వెనక్కి తెచ్చారు.”

ఇల్లాలికి ఒళ్లు మండిపోయింది.

“మిషనా? మెడ విరిగేలా కూర్చుంటే మిషనంటాడా! ఒక్కో పలుకూ ఈ చేతుల మీదుగా వెళ్లింది పిన్నీ!”

“నాకు తెలీదా అమ్మాయ్? జనానికెవరు చెప్తారు?”

“ఉంటే రోత, లేకపోతే మోసం! మరి నన్నేం చేసి చావమంటారు?”

“ఒక్కటుంచు. సరిగ్గా ఒక్కటే. పైకి కనబడేలా. చూసి మూతి ముడుస్తారు, నమ్మి కొంటారు. రేపు సాయంత్రానికి ఇరవై సీసాలు రావాలి. రెండు కాళ్లున్నా తీసుకోను, అసల్లేకపోయినా తీసుకోను. ఆపైన నీ ఇష్టం, సబ్బులవాడు రోజూ తిరుగుతున్నాడు.”

పిన్ని వెళ్లాక ఆయన మీసాల చాటున నవ్వాడు. “కాలుండాలని నేను మొదట్నించీ...”

“మీరు నోరెత్తారంటే ఆ మూతలన్నీ మీకే బిగిస్తాను.”

ఆయన జేబులోంచి పొట్లం తీసి బల్లమీద విప్పాడు. నల్లటి నూగులా ఉన్నాయి కాళ్లు. ఆమె చిన్న పట్టకారుతో ఒకదాన్ని పట్టబోయింది. అది కాస్తా ఎగిరి ఎక్కడో పడింది.

“ఫ్యానాపండి! బుద్ధన్నదుంటేగా!”

ఫ్యాన్ ఆగింది. చెమటలు కారుతుంటే, ఊపిరి బిగబట్టి మరో కాలు తీసింది. గాజు పక్కగా, పసుపు రంగేసిన శనగపిండి పలుకుల మీద, పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టినంత జాగ్రత్తగా దాన్ని ఆనించింది. సీసాని వెలుతురుకేసి ఎత్తి చూసుకుంది. కనబడుతోంది.

ఆ సీసా మొత్తంలో తేనెటీగదంటూ ఉన్నది ఆ కాలొక్కటే.