పదిహేను నిమిషాలు

"చెయ్యి తియ్యవే, గాయం చూడాలి," అన్నాను గ్లౌజులు తొడుక్కుంటూ.

"తీయనక్కా. ఇంకా పదిహేను నిమిషాలు కాలేదు," అంది ఆ పిల్ల.

మా ఆరోగ్య కేంద్రంలో బల్ల మీద పడుకున్న కుర్రాడి తొడ మీద, మడతపెట్టిన తువ్వాలును రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. వాడు పక్క వీధి గ్యాంగువాడు, ఈ పిల్లేమో మా వీధి గ్యాంగుది. నర్సుగా నేనే పోయిన వారం ఈ గ్యాంగుల పిల్లలకి పాఠం చెప్పాను: గాయాన్ని పదిహేను నిమిషాలు నొక్కి పట్టాలి, మధ్యలో తీసి చూడకూడదని. ఆరోజంతా ఈ పిల్ల మా ఆయన ఊసెత్తి నన్ను ఏడిపించిందే తప్ప ఒక్క ముక్కా వినలేదనుకున్నాను.

విన్నదన్నమాట. పెళ్లయిన ఈ నెలరోజుల్లో, మా ఆయన మొదటిసారి పెట్టిన కాఫీ తర్వాత, నాకింత సంతోషమేసింది ఇప్పుడే.

అంబులెన్సుకు ఫోన్ చేసి, "ఎన్నింటికి నొక్కడం మొదలెట్టావు?" అని అడిగాను.

"నాలుగూ తొమ్మిదికి."

"అంత కచ్చితంగా ఎలా తెలుసే?"

"అప్పుడే పొడిచాను గనక."

నేను కుర్రాడి మొహంలోకి చూశాను.

"అది అబద్ధమాడదు సిస్టర్," అని గొణిగాడు కుర్రాడు, కళ్లు తెరవకుండానే.

గోడ గడియారం నాలుగూ ఇరవై నాలుగు దాటింది. తువ్వాలు మీద మరక ఇక పెరగడం లేదు.

"టైమైంది. ఇక తియ్యమ్మా," అన్నాను మెల్లగా.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"తీస్తే పారిపోతానక్కా."

ఆ చేతుల మీద నా చెయ్యి వేసి, గట్టిగా నొక్కి పట్టాను.