ఈగల గణన

ఎమ్మిగనూరు కూరగాయల సంతలో ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు ఒక మహత్తర గణన జరిగేది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు వెంకోబారావు తెల్లకాగితం మీద బెల్లంముక్క ఉంచి, చేతిగడియారం చూసుకుంటూ పది నిమిషాలు నిలబడి, దానిమీద వాలిన ఈగలను లెక్కించేవాడు.

పదకొండు నెలలుగా ఆ సంఖ్య మూడు దాటలేదు.

ఇది నెలకో మూట చొప్పున తాను తెప్పించి, సంత కావలివాడు సుంకప్ప చేత చల్లిస్తున్న గమాక్సిన్ పొడి మహిమ అని ఆయన నిశ్చయం. ఆ నిశ్చయాన్ని పై అధికారులకు మూడు నివేదికలలో, అలంకారాలతో సహా, విన్నవించుకున్నాడు కూడా.

1979 జూన్‌తో ప్రొబేషన్ ముగుస్తుంది. సోమవారం కర్నూలు నుంచి పెద్ద అధికారి వస్తాడు. అదే కాగితం, అదే బెల్లం. ఈగలు పది దాటితే ఉద్యోగం ఉండదు.

ఇంట్లో భార్య జయలక్ష్మికి ఏడో నెల.

బుధవారం, మాంసం దుకాణాల వెనుకకు ఎన్నడూ పోనివాడు, జాగ్రత్త కొద్దీ పోయాడు. అక్కడ సగానికి కోసిన తారు డ్రమ్ములు ఆరు కనిపించాయి. వాటి నిండా కుళ్లిన టమాటాలు, పుచ్చతొక్కలు, మామిడి టెంకలు.

ఆ కుళ్లు కదులుతోంది.

మట్టిరంగువీ నల్లటివీ, వేలి కణుపంత పురుగులు లక్షలుగా మసలుతున్నాయి. పక్కనే గోనెపట్టా మీద ఒక ముసలాయన పుచ్చువంకాయలు ఏరి, పెళ్లివారికి వడ్డిస్తున్నంత శ్రద్ధగా వాటి ముందు వేస్తున్నాడు.

పేరు హబీబుల్లా అనీ, ఆదోని నుంచి వచ్చి ఏడాదయిందనీ, సంత ముగిశాక మిగిలిన కుళ్లంతా ఎత్తి ఈ పురుగులకు మేపుతాడనీ, బలిసినవాటిని కోళ్లవాళ్లకిచ్చి గుడ్లు తెచ్చుకుంటాడనీ సుంకప్ప నసుగుతూ చెప్పాడు.

పురుగు అనగా రేపటి ఈగ అని వెంకోబారావు చదివిన శాస్త్రం. డ్రమ్ముకు యాభై వేలు, డ్రమ్ములు ఆరు. సోమవారానికి మూడు లక్షల సైన్యం. బెల్లం మీద నిలబడ్డానికి చోటు చాలదు.

"ఇవి ఈగలవుతాయా, కావా?" అని హబీబుల్లాను నిలదీశాడు.

"అయితాయి సార్. నల్లగా, సన్నగా. వాటికి తినే నోరే లేదు. అన్నం మీద వాలవు, బెల్లం మీద వాలవు. ఇవి ఉండే తావున ఇంటీగ గుడ్డు పెట్టదు సార్."

నోరులేని ఈగ వెంకోబారావు చదివిన పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిదాన్ని నమ్మే స్వేచ్ఛ ప్రొబేషన్‌లో ఉన్నవాడికి లేదు.

రేపటికల్లా అన్నీ తగలబెట్టాలన్నాడు.

"ఒక్క కుండెడు ఉంచుకోనీండి సార్. మళ్లా ఇంత కావాలంటే నెలన్నర పడ్తాది."

కుండెడంటే ఎన్ని ఈగలో మనసులోనే గుణించుకుని, వెంకోబారావు తల అడ్డంగా ఊపాడు.

గురువారం కిరసనాయిలుతో యాగం జరిగింది. ఆరో డ్రమ్ము ఆరిపోయేదాకా హబీబుల్లా నిలబడే ఉన్నాడు. ఆ తరువాత గోనెపట్టా దులిపి, మడిచి చంకన పెట్టుకున్నాడు. మళ్లీ వస్తాడేమోనని వెంకోబారావు వెంట నడిచి, దగ్గరుండి ఆదోని బస్సు ఎక్కించాడు.

శుక్రవారం బెల్లం మీద పద్నాలుగు. బూడిద వాసనకు వచ్చి ఉంటాయనుకున్నాడు.

శనివారానికి, ఎత్తేవాడు లేక, సంతలో మిగిలిన కుళ్లు గుట్ట పడింది. బెల్లం మీద నలభై ఒకటి. కౌతాళం వైపు నుంచి వీచే గాలి తెచ్చిందనుకున్నాడు. జయలక్ష్మి అన్నం వడ్డిస్తే, ముందుగా మెతుకుల మీద ఏమైనా వాలిందా అని చూశాడు.

ఆదివారం బెల్లం కనబడలేదు.

వెంకోబారావు పొడి తానే చల్లుదామని గోదాముకు పరుగెత్తాడు. తాళంచెవి దొరకడానికి సుంకప్పకు అరగంట పట్టింది.

లోపల మూటలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పదకొండు. ఒక్కదాని కుట్టూ విప్పలేదు. గోదాము చెమ్మకు పొడి రాయిలా గడ్డకట్టింది.

సుంకప్ప నేల చూస్తూ అన్నాడు. "పొడి పడితే పురుగులు సస్తాయని తాత వద్దన్య సార్. సల్లకపోయినా ఈగలు రాల్యా. మీరు దినామూ ఈగల్ని లెక్క పెడ్తాంటిరి గానీ, మూటల్ని ఎప్పుడూ అడగల్యా."

వెంకోబారావు మూట మీద కూలబడ్డాడు. ఇప్పుడే ఆదోని పోయి హబీబుల్లాను పిలుచుకురమ్మన్నాడు.

"తాత వస్తాడు సార్. పురుగుల్ని యాడ తెచ్చేది?"

సోమవారం ఎనిమిది గంటలకు పెద్ద అధికారి కాగితం పరిచి బెల్లం పెట్టాడు. పది నిమిషాలు ఆగవలసిన అవసరం కలగలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చుట్టూ చూసి, ఈ సంతకు శానిటరీ ఇన్‌స్పెక్టరు అనేవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగాడు.

"ఉండేవారు సార్," అన్నాడు వెంకోబారావు నెమ్మదిగా. "గురువారం నేనే ఆదోని బస్సు ఎక్కించి పంపేసినాను."