ఈస్టరు నాటి ఫోను

పోయిన ఈస్టరు నాడు ఆనందరావు తెల్లవారి ఆరాధన ముగించుకుని, నంద్యాల నూనెపల్లెలోని తన ఇంట్లో కాలు పెట్టాడో లేదో, జేబులో ఫోను మోగింది.

ఏటా ఈస్టరు నాడు అదే వేళకు మోగుతుంది.

"క్రీస్తు లేచెనన్నా! నేను!"

"నిజంగా లేచెనప్పా! బాగుండావా?" అన్నాడు ఆనందరావు, లేని హుషారు తెచ్చుకుని.

ఆ 'నేను' ఎవరో ఆయనకు తెలియదు.

మొదటి ఏడే అడగాల్సింది. కానీ అంత ఆప్యాయంగా అన్నా అని పిలిచేవాణ్ణి పట్టుకుని నువ్వెవరని ఏ ముఖంతో అడుగుతాం? రెండో ఏడు అడిగితే, మొదటి ఏడు తెలిసినట్టు నటించాడని బయటపడుతుంది. ఆ తర్వాత ఇక అడిగే దారే మూసుకుపోయింది. రిటైరైన హెడ్మాస్టరుకు కూడా కొన్ని ప్రశ్నలు గొంతు దాటవు మరి.

"ఆళ్లగడ్డలో మన వీధి గుర్తుందా అన్నా? ఈస్టరు తెల్లారుజామున పెట్రమాక్సు లైటు పెట్టుకోని ఇంటింటికీ పాడుకుంటా పోతాంటిమి!"

"మరిచిపోతామా అప్పా!"

"శెట్టోల్ల కమలాక్షమ్మ, నిద్ర చెడగొడ్తారా, మీ నోళ్లు పడిపోను అని తిట్టుకుంటానే వాకిలి తీసేది. దోసిళ్ల నిండా బొరుగులూ బెల్లమూ పోసేది."

"ఆయమ్మ తిట్టకపోతే మనకు పండగ జరిగినట్టే ఉండేది కాదు."

"లైటు మోసింది నేనే గదన్నా. ముందర నేను, నా ఎనక సుజాతమ్మ పాట."

లైటు ఆనందరావుకు బాగా గుర్తుంది. మోసినవాడే గుర్తు రాలేదు.

అవతలి మనిషి వీధిలో ఒక్కొక్కరి పేరూ అడిగాడు. పోయినవాళ్లే ఎక్కువ. అందరూ అయ్యాక చివర్న అడిగాడు.

"సుజాతమ్మ బాగుందా అన్నా?"

సుజాత ఆనందరావు చెల్లెలు, ఆయన దగ్గరే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన ప్రతి సంబంధాన్నీ వద్దంది. నాయన బతిమాలాడు, అమ్మ ఏడ్చింది. ఎందుకు వద్దో మాత్రం నోరు విప్పలేదు. నాయన ఆ దిగులుతోనే పోయాడు. ఆనందరావుకూ బతుకులో తీరని దిగులంటూ ఉంటే అదే. పెళ్లి కాలేదంటే ఎందుకు కాలేదని అడుగుతారు. ఎందుకో ఆయనకే తెలియదు. అందుకని బయటివాళ్లు ఎవరడిగినా ఒకటే జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"మనవళ్లూ మనవరాళ్లతో చల్లగా ఉందప్పా."

"ప్రభువు చల్లగానే సూడనీ అన్నా. ఉంటా."

ఫోను అక్కడితో ఆగింది. ప్రతి ఏడూ అక్కడే ఆగేది. ఆ సంగతి ఆనందరావు ఎన్నడూ పట్టించుకోలేదు. 'ఫోను ఎవరిదన్నా?' అని అడగడానికి సుజాత కూడా ఆ వేళకు ఇంట్లో ఉండదు. చర్చి ఆవరణలో ఆడవాళ్లతో కలిసి అందరికీ ఉప్మా వండుతూ ఉంటుంది.

ఈ ఏడు మోకాళ్ల నొప్పులతో ఆమె ఇల్లు కదల్లేదు.

ఈసారైనా సిగ్గు విడిచి పేరు అడిగేయాలని ఆనందరావు గట్టిగా అనుకున్నాడు. ఫోను మోగింది. అదే నంబరు. కానీ ఆడగొంతు.

"ఆనందన్నా? నేను సిరివెళ్ల పాస్టరమ్మను, ఫెబా. ఈ ఫోను పెద్దాయన పోయిన వారం, మట్టల ఆదివారం నాడు ప్రభువులో నిద్రించినాడన్నా. ఈస్టరుకు ఆనందన్నకు ఫోన్ చేసి, క్రీస్తు లేచెనని నా మాటగా చెప్పమ్మా అనింటే చేస్తాండా."

ఆనందరావు ఇక సిగ్గుపడలేదు.

"అమ్మా... ఆయప్ప పేరేందమ్మా?"



"యెషయా అన్నా. మీ వీధేనంట గదా! వయసులో సున్నిపెంటకు డ్యాము పనికి పోయినాడు. ఆడ మిషన్లో పడి కుడిచెయ్యి పోయింది. ఒంటిచేత్తో ఏ ముఖం పెట్టుకోని పోయేదని సొంతూరికి మళ్లీ పోలే. పెండ్లీ చేసుకోలే. మా చర్చి పక్కన గదిలోనే ఉండె."

"ఈడికి ఎప్పుడూ రాలేదేమ్మా?"

"వచ్చేవాడే అన్నా. మీ నంబరు దొరికిన ఏడు కొత్త చొక్కా కూడా కుట్టించుకున్యాడు, మీ ఇంటికి పోతానని. ముందు ఒక మాట చెప్పి పోదామని ఫోన్ చేసినాడు. చేసినాక ఇంక పోలే. ఏమైందంటే చెప్పలే. ఏటా మీరంతా చల్లగుండారని ఇని, ఆ పొద్దంతా ఒక్కడే కూచోనుండేవాడు."

ఆనందరావు ఫోను పెట్టేశాడు.

సుజాత గోడ పట్టుకుని మెల్లగా ఇవతలికి వచ్చింది.

"ఎవరన్నా? ముఖం అట్లుందేంది?"

"మన వీధి యెషయా పోయినాడంట."

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది.

"యాడుండె ఇన్నాళ్లు?"

"సిరివెళ్లలో."

"సిరివెళ్లలోనా?"

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సు సిరివెళ్ల మీదుగానే పోతుంది. ఆ బస్సు ఇద్దరూ ఎన్నిసార్లు ఎక్కారో లెక్కలేదు.

"పెండ్లాం, పిల్లోల్లు?"

"పెండ్లి చేసుకోలేదంట."

ఆ మాట అంటుండగానే, ఏటా ఆ మనిషికి తాను ఇచ్చిన జవాబు ఆనందరావుకు గుర్తొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుందామన్నా వినేవాడు లేడు.

సుజాత గడప మీద కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

"ఈస్టరుకు వచ్చి నాయనతో మాట్లాడతానని చెప్పి పోయినాడన్నా. ఏ ఈస్టరుకో చెప్పలే."