సున్నా నంబరు బనియన్

బనియన్ పోయింది.

మామూలు బనియన్ అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇది దారంలో సన్నటి వెండి తీగ కలిపి నేసిన బనియన్. ఒంటికి తగిలితే చాలు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి హాల్లో గోడకున్న తెరకు పంపుతుంది. ఆ చిన్న కుట్టు కార్ఖానాలో మూడు నెలలు తంటాలు పడితే తయారైన తొలి నమూనా. అందుకే దానికి సున్నా నంబరు పెట్టారు. పదకొండింటికి ఆసుపత్రి డాక్టర్లు దాన్ని చూడటానికి వస్తున్నారు. అప్పటికే పది దాటింది.

"చివరిగా దాన్ని ముట్టుకున్నది ఎవరు?" అన్నాడు సూపర్‌వైజరు. తొమ్మిదిన్నరకు చెమటలు కక్కుతూ సైకిలు మీద వచ్చి, ఇస్త్రీ గదిలో బట్టలు మార్చుకుని, రోజూలాగే తెల్ల చొక్కాలో కడిగిన ముత్యంలా ఉన్నాడు. తన కళ్లు కప్పి చీమ కూడా గడప దాటలేదని ఆయన నమ్మకం. అందుకే వెనకాల అందరూ డేగకన్ను అంటారు.

"నేనేనండి," అన్నాడు కటింగ్ మాస్టారు. "తొమ్మిదింటికి ఇస్త్రీ చేసి, ఆ గదిలోనే తాడు మీద వేలాడదీశాను."

ఇరవై ఆరేళ్లుగా అక్కడ గుడ్డ కత్తిరిస్తున్న మనిషి. ఇంతవరకు ఒక గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్లి ఎరుగడు.

తాడు మీద ఇప్పుడు వేరే బనియన్ ఉంది. సూపర్‌వైజరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి అందరి ముందూ ఎత్తి చూపించాడు. వీపు నిండా చిల్లులే.

"దొంగ తనది వదిలి మనది తొడుక్కున్నాడు. జల్లెడలాంటి బనియన్ వేసుకు తిరిగేవాడికి సిగ్గూ శరమూ ఉంటాయా? మాస్టారూ, మీ కొలతే కదా ఇది?"

"కొలత నాదేనండి, బనియన్ నాది కాదు. చిల్లు కనిపిస్తే కుట్టకుండా ఉండలేను నేను."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఈ వయసులో దొంగ అనిపించుకుని ఇంటికెళితే పెళ్లాం ముందు తలెత్తుకోవడం ఎలాగో ఆయనకు తెలియడం లేదు.

"డాక్టర్లు వచ్చేలోగా దొరక్కపోతే, రేపటినుంచి మీరు రానక్కర్లేదు మాస్టారూ," అంది యజమానురాలు. ఆ మాట అనడం ఆమెకూ కష్టంగానే ఉంది.

అప్పుడు సూపర్‌వైజరుకు ఉపాయం తట్టింది. గబగబా వెళ్లి గోడ మీది తెర ఆన్ చేశాడు. సున్నా నంబరు వెలిగింది. పక్కనే గుండె లెక్క: తొంభై ఆరు.

"మేడమ్, దొంగ ఈ హాల్లోనే ఉన్నాడు! బనియన్ వాడి ఒంటి మీదే ఉంది!" అని అరిచాడు. లెక్క నూట పదికి ఎగబాకింది. "చూశారా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నా గొంతు వినగానే వాడి గుండె ఎలా అదురుతోందో!"

బల్ల గుద్ది ఇంకోసారి అరిచాడు. నూట ఇరవై ఐదు. ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"మీరు కాస్త అరవడం ఆపండి సార్. వాడెవడో గుండె ఆగి చస్తాడు," అంది కాజాలు కుట్టే అమ్మాయి.

"చావనీ!"

అందరి బట్టలూ విప్పించి వెతకడం మర్యాద కాదు, సగంమంది ఆడవాళ్లు. దానికీ ఆయన దగ్గర మార్గం ఉంది. హాలు గుమ్మం దాటితే బనియన్ పంపే లెక్క తెరకు అందదు. కాబట్టి ఒక్కొక్కరే బయటికి నడవాలి. ఎవరు దాటగానే సున్నా ఆరిపోతే వాళ్లే దొంగ.

కాజాల అమ్మాయి వెళ్లింది. ఆరలేదు. గుండీలు కుట్టే అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు వెళ్లారు. ఆరలేదు. మిషన్ల వాళ్లు నలుగురూ వెళ్లారు. సున్నా నంబరు నూట ముప్పై ఐదు దగ్గర దడదడలాడుతూనే ఉంది.

పనివాళ్లలో మాస్టారొక్కడే మిగిలాడు.

"నడవండి మాస్టారూ," అన్నాడు సూపర్‌వైజరు, పెళ్లికొడుకులా వెలిగిపోతూ. "నేను ముందే చెప్పాను కదా మేడమ్!"

మాస్టారు నడిచాడు. గుమ్మం దాటి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

సున్నా ఆరలేదు. నూట నలభై ఎనిమిది.

సూపర్‌వైజరు నోరు తెరుచుకుని హాలంతా కలయజూశాడు. బల్లలు, మిషన్లు, యజమానురాలు. మెల్లగా ఆమె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

"మీరా మేడమ్! ముందే ఓ మాట చెప్పుంటే ఇంత గొడవ ఎందుకు? మీ సొత్తు మీరు తొడుక్కుంటే తప్పేముంది? కడుపులోనే దాచుకుంటాను, ఎవరికీ చెప్పను."

యజమానురాలు ఆయన్ని ఎగాదిగా చూసింది. గుమ్మం దాటి, బయట అందరి పక్కనా నిలబడి తెర వైపు తలెత్తింది. అందరూ తలెత్తారు.

నూట అరవై ఐదు.

మాస్టారు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"సార్, చొక్కా విప్పి దాన్ని మెల్లగా తీయండి. ఒక్క కుట్టు ఊడినా మళ్లీ నా మీదకే వస్తుంది."