మహాగజం దంతం దించిన చోటు

ఆ ఎండాకాలం అడవిలోని ఏరు పూర్తిగా ఎండిపోయింది. ఏనుగులు తమ పాత కథ తలుచుకున్నాయి. పూర్వం ఒక మహాగజం దంతంతో పొడిస్తే నేలలోంచి నీళ్లు పొంగాయట.

"అది అక్షరాలా జరిగింది. మొక్కుకుంటే ఆయన మళ్లీ వస్తాడు," అన్నాడు భద్రన్న అనే ఏనుగు.

"దంతమంటే జ్ఞానమయ్యా, నేలంటే అజ్ఞానం. అసలు ఏనుగే లేదు," అన్నాడు ఇంకో ఏనుగు మేఘయ్య.

వాదన మధ్యాహ్నందాకా సాగింది. మందలోని ముసలి ఏనుగు నీలవ్వ మనవడు దాహంతో కూలబడ్డాడు.

"ఇంతకీ ఆయన పొడిచింది ఎక్కడ?" అని నీలవ్వ అడిగింది.

"నేరేడు చెట్ల దగ్గర, ఏటి వంపులో ఇసుకలోనని కథలో ఉంది," అన్నారిద్దరూ.

నీలవ్వ అక్కడికి వెళ్లి కాలితో ఇసుక తవ్వింది. మోకాలి లోతున నీళ్లు ఊరాయి.

"చూశావా, నిజమే," అన్నాడు భద్రన్న.

"నీళ్లంటే ఇక్కడ..." అంటూ మేఘయ్య మొదలుపెట్టాడు.

"కాస్త జరగండి నాయనా, పిల్లాణ్ణి తాగనివ్వండి," అంది నీలవ్వ.