ఇంగ్లీషు రాని అమ్మాయి

ముప్ఫయ్యేళ్లు చల్లపల్లి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. తొంభై ఎనిమిదిలో, కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటున్న పోలండు అమ్మాయి అగాతా, తెలుగు మాట్లాడటం అలవాటు చేసుకోవాలని నా దగ్గరికి వస్తానంది. ఆ మాట విన్న రోజు నుంచీ ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టాను.

"నాకు ఇంగ్లీషు రాదండీ," అంది గుమ్మంలోనే.

ఉసూరుమన్నాను. బట్టీపట్టిందంతా మింగేసి, గత్యంతరం లేక ఆర్నెల్లపాటు ఆ అమ్మాయితో తెలుగే మాట్లాడాను. స్నేహితులెవరైనా ఫోన్ చేస్తే మాత్రం, ఎలాగూ అర్థం కాదు కదా అని ఆమె ఎదుటే చెప్పేవాణ్ణి. "వెరీ డల్ స్టూడెంట్. ఓన్లీ మై పేషెన్స్!"

చివరి రోజు ఢిల్లీ నుంచి అగాతాకి మా ఇంటికే ఫోనొచ్చింది. పావుగంటసేపు ఇంగ్లీషు దంచేసింది. నేను ఫోన్లో అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

"అదేంటమ్మా, నీకు ఇంగ్లీషు వచ్చా?"

"చిన్నప్పట్నుంచీ వచ్చు మాస్టారూ. ఇక్కడ ఎవర్ని తెలుగులో పలకరించినా ఇంగ్లీషులోనే బదులిస్తున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చని తెలిస్తే, మీరు మాత్రం నాతో తెలుగు మాట్లాడేవారా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"వై నాట్? డెఫినెట్లీ!" అన్నాను.