కుడి చక్రం జోడు

"ఎట్ల పెట్టినా కూసుంటలేదేందే ఇది!"

రాందాస్ స్క్రూడ్రైవర్‌ను వరండా గచ్చు మీద విసిరికొట్టాడు. వంటింట్లోంచి భార్య సక్రి తొంగిచూసి లోపలికి పోయింది.

ఆదివారం పాల్వంచ కాలనీ క్లబ్బులో రిమోట్ కార్ల పందెం. గెలిచినవాడు హైదరాబాద్ పోటీకి వెళ్తాడు. రెండేళ్లుగా ధన్‌సింగ్ చేతిలో ఓడిపోతూనే ఉన్నాడు రాందాస్. వచ్చే నెల తనకు బదిలీ. ఇక మళ్లీ పందెం లేదు.

సరిగ్గా పందెం దగ్గరపడ్డాకే కారు ముందు కుడి చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ విరిగి చచ్చింది!

ఎడమది మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ నిక్షేపంగా ఉంది.

"జపాన్ సరుకంటే గిట్లుండాలె. ఇరిగింది ఎవడో లోకల్‌ది ఏసుంటడు" అని తీర్మానించాడు. మూడేళ్ల కింద బదిలీ అయిపోయిన ఇంజనీరు దగ్గర కొన్న కారు అది. ఎడమదాన్నే నమూనాగా మద్రాసుకు పంపి, అచ్చు అలాంటిదే తెప్పించాడు. తీరా చూస్తే ఇది కూర్చోదు!

"సార్."

గేటు దగ్గర ఒక ముసలాయన. సంచి నిండా బర్రెకొమ్ము దువ్వెనలు. సక్రి పొద్దున్నే ఒకటి కొన్నది.

"దువ్వెన కొన్నం కద, పో!"

"దువ్వెనకు కాదు సార్. ఆ బండి నాకెరికే. దీని జోడు నా కాడుంది. అప్పట్ల ఆ సారు..."

సంచి అడుగు నుంచి ఒక నల్లటి ముక్క తీశాడు.

"ఆ సారు పారేస్తే ఏరుకున్నవా?" రాందాస్ దాన్ని లాక్కుని ఎడమ ఆర్మ్ మీద పెట్టి చూశాడు. "చూడు! దీని ఒంపు ఇటు, నీదాని ఒంపు అటు. కండ్లు కనిపిస్తలేవా?"

"జోడంటే గట్లనే ఉంటది సార్. కావాలంటే మీ చెప్పులు చూడుండ్రి."

"నాకే చెప్పులు చూపిస్తవా? నడువ్!"

ముసలాయన ముక్కను తువ్వాలుతో తుడుచుకుని, సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

రాందాస్ మద్రాసు ఆర్మ్‌ను తలకిందులు చేసి, నొక్కి, తిట్టి, మొత్తానికి బిగించాడు. కుడి చక్రం కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

సర్దుకోలేదు. ఆదివారం మొదటి మలుపులోనే కారు కుడికి లాగి గడ్డిలో పల్టీ కొట్టింది. ధన్‌సింగ్ హైదరాబాద్‌కు వెళ్తున్నాడు.

ఇంటికొచ్చి రెండు ఆర్మ్‌లూ పీకి చాప మీద పడేశాడు. రెండూ ఎడమవే. పక్కనే గడప దగ్గర తన చెప్పులు. ఒకటి ఎడమది, ఒకటి కుడిది.

"ఛీ, నా తెలివి తగలెయ్య! సక్రీ, ఆ దువ్వెనలాయనది ఏ ఊరే?"

"నువ్వు నోరు తెరవనిచ్చినవా ఆయన్ను? టేకులపల్లి బస్సెక్కిండు. గంతే ఎరుక."

"పేరన్న అడిగినవా?"

"పేరు చెప్పలే. తన చేతి పనికి గుర్తు పెడ్తడట." సక్రి జడలోంచి దువ్వెన తీసి చాప మీద పెట్టింది. దాని వెన్ను మీద మూడు సన్నటి చుక్కలు.

రాందాస్ ఎడమ ఆర్మ్‌ను మెల్లగా తిరగేశాడు.

మూడేళ్లుగా జపాన్‌దని అందరికీ చూపించి మురిసిన ఆ నల్లటి ముక్క అడుగున, అవే మూడు చుక్కలున్నాయి.